పటము పలికించువారు

చిత్రము తనంతట మాటాడదు. దాని యెదుట నిలిచి ఎవరో ఒకరు మాటాడవలెను. ఆ మాటాడువాడు బొమ్మలో ఉన్నదానిని చెప్పుచున్నాడా, లేక తన మనస్సులో ఉన్నదానిని బొమ్మకు తగిలించుచున్నాడా అను సందేహము చాల పాతది. ఈ సందేహమును ఒక డాక్యుమెంటరీ చిత్రము మరల మన ముందుకు తెచ్చినది. పీటర్ గ్రీనవే అను బ్రిటిష్ దర్శకుడు 2008లో తీసిన ఆ చిత్రము పేరు "రెంబ్రాంట్స్ జక్యూజ్". రెంబ్రాంట్ మోపిన నేరారోపణ అని దాని భావము. 1898లో ఫ్రెంచి రచయిత ఎమిలీ జోలా, నిర్దోషియైన డ్రేఫస్ పక్షమున ప్రకటించిన బహిరంగలేఖ శీర్షికనుండి ఆ మాట తీసికొనబడినది.

ఈ పూట ముందుగా ఆ చలనచిత్రమును గూర్చియు, తరువాత మన మానేటి సీమలో ఊరూర తిరిగిన పటము కథలను గూర్చియు ముచ్చటించెదను. ఎక్కడి ఆమ్‌స్టర్‌డామ్, ఎక్కడి గంభీరావుపేట అని శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. కాని రెండు చోట్లను జరుగునది ఒక్కటే: బొమ్మను చూపి కథ చెప్పుట. ఒకరు "దాచియుంచిన మర్మమును బయట పెట్టెదను" అందురు. మరియొకరు "మనకందరకు తెలిసిన కథనే మరల వినుడు" అందురు. ఎవరి చేతిలో బొమ్మ క్షేమముగా ఉండును? విచారింపవలసినది ఇదియే.

రెంబ్రాంట్ హాలండు దేశపు చిత్రకారుడు. 1642లో అతడు పూర్తిచేసిన ఒక పెద్ద చిత్రమునకు లోకములో "రాత్రి గస్తీ" అను పేరు స్థిరపడినది. ఆ నగరమును కాపాడు పౌరదళములలో ఒకదానికి నాయకుడైన ఫ్రాన్స్ బానింగ్ కాక్, అతని లెఫ్టినెంటు, వారి అనుచరులు కలసి తమ సమావేశమందిరమున వ్రేలాడదీయుటకై ఈ చిత్రమును వ్రాయించుకొనిరి. నేడది ఆమ్‌స్టర్‌డామ్ నగరములోని రైక్స్ మ్యూజియంలో ఉన్నది. ఎత్తు పండ్రెండడుగుల వరకు, వెడల్పు పదునాలుగడుగులకు పైగా ఉండును. నల్లని దుస్తులలో కెప్టెన్ చేయి చాచి ముందుకు నడచుచుండును. ప్రక్కన పసిమి వన్నె దుస్తులలో లెఫ్టినెంటు. వెనుక ఈటెలు, తుపాకులు, జెండా, తప్పెట, మొరుగుచున్న కుక్క. గుంపు నడుమ వెలుగుముద్దవలె ఒక చిన్న బాలిక. ఆమె నడుమునకు చచ్చిన కోడి ఒకటి తలక్రిందుగా వ్రేలాడుచుండును.

మొదట చెప్పవలసిన విశేషమేమన, ఆ పేరే సరియైనది కాదు. అది రాత్రి కాదు. చిత్రముపై పూసిన వార్నీషు కాలక్రమమున నల్లబడుటచే, చూచినవారికి చీకటిగా తోచినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1946, 47 సంవత్సరములలో దానిని శుభ్రపరచినప్పుడు పగటి వెలుతురు బయటపడెను. అయినను పేరు మారలేదు. బొమ్మపై ఒకమారు అంటిన వ్యాఖ్యానము ఎంత గట్టిగా నిలుచునో దీనివలన తెలియును.

ఇక గ్రీనవే వాదము. ఇతడు చిత్రలేఖనము నేర్చి తరువాత చలనచిత్రములలో ప్రవేశించినవాడు. ఇదే విషయముపై 2007లో "నైట్ వాచింగ్" అను కథాచిత్రమును తీసినాడు. మరుసటి యేట వచ్చిన ఈ డాక్యుమెంటరీలో న్యాయస్థానమున ప్రాసిక్యూటరువలె వాదించుచు, ముప్పదికి పైగా ప్రశ్నలను వరుసగా లేవదీయును. తెరపై పెద్ద చిత్రము, దానిలో చిన్న చదరములో అతని ముఖము కనబడుచుండును. కథాచిత్రములోని నటులే పాత్రల వేషములలో వచ్చి అతని విచారణకు బదులు చెప్పుదురు. నేటి మానవుడు అక్షరములు చదువుటకు అలవాటుపడి బొమ్మను చదువుట మరచినాడని అతని ఆక్షేపణ.

అతడు చెప్పుకథ సంగ్రహముగా ఇది. ఆ దళమునకు చెందిన ఒక కెప్టెన్ తుపాకి అభ్యాసములో ప్రమాదవశమున మరణించినట్లు పైకి కనబడినను, నిజమునకది అధికారము కొరకు జరిగిన హత్య. రెంబ్రాంట్ ఆ కుట్రను గ్రహించి, నేరస్థుల సొమ్ముతోనే, వారి గోడమీదనే, వారి నేరమును చిత్రించినాడు. లెఫ్టినెంటు వెనుక ఒక శిరస్త్రాణధారి తుపాకి పేల్చుచుండుట హత్యకు సూచన. కెప్టెన్ చేతి నీడ లెఫ్టినెంటు దుస్తులపై పడుట వారిద్దరి రహస్యబంధమునకు సూచన. చిన్నబాలిక వెనుకను ఒక దారుణకథ ఉన్నది. ఈ ఎత్తిపొడుపును గుర్తించిన పెద్దమనుష్యులు పగబట్టి చిత్రకారుని సర్వనాశనము చేసినారు.

కథ రక్తికట్టినదనుటలో సందేహము లేదు. చూచువాని కన్ను ఆ చిత్రముపై మూలమూలకు పరుగెత్తును. నిజముగా అక్కడ తుపాకి పేలుచున్నది. నిజముగా ఆ చేతి నీడ పడుచున్నది. గ్రీనవే లేనిదానిని చూపలేదు. ఉన్నదానికి అతడు కట్టిన అర్థమును మాత్రము మనము పరీక్షింపవలెను.

చేతి నీడనే తీసికొందము. లెఫ్టినెంటు అంగరఖా అంచున బంగారు జరీతో ఒక సింహమున్నది. ఆ సింహము ఆమ్‌స్టర్‌డామ్ నగరచిహ్నమును పట్టుకొనియుండును. కెప్టెన్ వ్రేళ్ళ నీడ సరిగా ఆ చోటనే పడును. నగరరక్షణ ఈ చేతి నీడలో ఉన్నదని చెప్పుటకే ఆ నీడ అని చదువువారున్నారు. ఒకే నీడకు రెండర్థములు. నగరమును రక్షించు దళము వ్రాయించుకొన్న చిత్రములో నగరచిహ్నమునకు పొందిన అర్థము ముందు నిలుచునా, ఎవరికిని తెలియని రహస్యమునకు పొందిన అర్థము ముందు నిలుచునా? బుద్ధిమంతుడు మొదటిదానికే మొగ్గును.

కోడి సంగతి మరింత రసవత్తరమైనది. ఆ దళమువారిని క్లోవెనియర్లని పిలిచెడివారు. అది ఒకరకపు తుపాకి పేరునుండి వచ్చిన మాట. వారి భాషలో పక్షిగోళ్ళను చెప్పు మాట దానికి దగ్గరగా ధ్వనించును. అందుచే పక్షిపాదము వారి చిహ్నమైనది. బాలిక నడుమున వ్రేలాడు కోడి గోళ్ళు అంత స్పష్టముగా కనబడుట దళము పేరును బొమ్మలో పలికించుటకే. 1642లో ఆ మందిరములో అడుగుపెట్టిన ప్రతి పౌరునకును ఇది చూడగనే తెలిసి చిరునవ్వు వచ్చియుండవలెను. నేడు మనకది పొడుపుకథ.

ఇక బయటి సాక్ష్యములు. తనను హంతకునిగా చూపిన చిత్రమును ఎవడైన ముచ్చటపడి దాచుకొనునా? బానింగ్ కాక్ తన కుటుంబపు ఆల్బములో ఈ చిత్రమునకు ఒక చిన్న నకలు వ్రాయించి, తాను లెఫ్టినెంటునకు దళమును నడిపింపుమని ఆజ్ఞ ఇచ్చుచున్న దృశ్యమని దాని వివరమును కూడ చేర్పించెను. ఆ ఆల్బము నేటికిని భద్రముగా ఉన్నది. చిత్రము చిరకాలము దళమువారి మందిరములోనే వేలాడెను. రెంబ్రాంట్ కష్టములు నిజమే. చిత్రము ముగిసిన యేడే అతని భార్య సాస్కియా మరణించెను. 1656లో అతడు అప్పులపాలై దివాలా తీసెను. కాని 1639లోనే అతడు 13,000 గిల్డర్లకు ఒక ఇల్లు కొని, ఆ బాకీ తీర్చలేకపోయిన సంగతి పత్రములలో నమోదైయున్నది. అప్పు చాలును, కుట్ర అక్కరలేదు.

మరియొక సంగతి. 1715లో ఈ చిత్రమును నగరసభాభవనమునకు తరలించినప్పుడు, అక్కడి గోడకు సరిపోవుటకై నాలుగు వైపులను కత్తిరించిరి. ఎడమ వైపున పెద్ద ముక్కయే పోయెను. దానితోపాటు కొందరు మనుష్యులు పోయిరి. లుండెన్స్ అను చిత్రకారుడు అంతకుముందే వ్రాసిన చిన్న నకలు ఉండుటచేతనే, పోయినది ఏమిటో మనకు తెలియుచున్నది. ఆ నకలు ఆధారముగా 2021లో కంప్యూటరు సాయమున ఆ ముక్కలను తిరిగి రూపొందించి, చిత్రము ప్రక్కన కొంతకాలము ప్రదర్శించిరి. కెప్టెన్, లెఫ్టినెంటు నేడు మనకు చిత్రము సరిగా నడుమ నున్నట్లు కనబడుదురు. మొదట వారు కుడివైపునకు జరిగి యుండిరి, ఎడమనున్న ఖాళీలోనికి నడచుచుండిరి. కత్తెర పడిన బొమ్మలో కూర్పును చూచి రహస్యములు వెదకువాడు, అది చిత్రకారుని తలపో, వడ్రంగి కత్తిరింపో ముందుగా తెలిసికొనవలెను.

శ్రోతలారా, ఇక మన పటము దగ్గరకు వత్తము.

సిరిసిల్ల మరమగ్గముల పేరు వినని తెలుగువారుండరు. నర్మాల యొద్ద మానేటికి అడ్డుగా ఎగువ మానేరు జలాశయము కట్టబడిన గంభీరావుపేట పరిసరములలోను పద్మశాలి కుటుంబములు చిరకాలముగా ఉన్నవి. ఈ కులమువారి కథను వారికి చెప్పుటకే ఏర్పడిన వారు కూనపులివారు. వీరు చెప్పునది మార్కండేయ పురాణకథగా, భావనారుషి కథగా ప్రసిద్ధము. ఇట్లే మన తెలంగాణలో ముదిరాజులకు పాండవుల కథ చెప్పుటకు కాకి పడగలవారు, మాదిగలకు జాంబపురాణము చెప్పుటకు డక్కలివారు, చాకలివారికి మడేలు పురాణము చెప్పుటకు పటమువారు కలరు. ఏ కులమునకు ఆ కథ, ఏ కథకు ఆ పటము.

పటము వ్రాయువారు నకాషీలు. నేడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల వీరికి ప్రసిద్ధస్థానము. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, గంజి, సుద్దమట్టి, చెట్టుబంక కలిపి పూతలు పూసి ఆరబెట్టుదురు. ఉడుత వెండ్రుకల కుంచెతో రేఖలు దిద్దుదురు. దీపపు మసినుండి నలుపు, శంఖమునుండి తెలుపు తీసెడివారు. వెనుకతలమంతయు ఎఱ్ఱని ఎఱుపు. మూడడుగుల వెడల్పున ముప్పది అడుగులు, అంతకు మించియు పొడవున్న గుడ్డమీద కథ పైనుండి క్రిందికి అడ్డుపట్టీలుగా దిగుచుండును. పూలతీగల అంచులు ఘట్టమునకు ఘట్టమునకు నడుమ గట్లవలె ఉండును. అన్నిటికంటె పైన విఘ్నేశ్వరుడు. రాత్రివేళ పటమును వ్రేలాడదీసి, తాళము, మద్దెల, హార్మోనియము తోడుగా, కథకుడు ఒక్కొక్క ఘట్టమును చూపుచు పాడును. దినముల తరబడి కథ సాగును. తెర, దీపము, పాట, వ్యాఖ్య అన్నియు ఉన్న ఈ ప్రదర్శనము డాక్యుమెంటరీకి తాత వంటిదనిన తప్పు లేదు.

ఈ బొమ్మలలోను మర్మములున్నవి. అయితే అవి దాచినవి కావు, నలుగురికి తెలిసినవి. నీలి దేహమైన దేవుడు, పసుపు దేహమైన దేవి, ముదురు రంగైన రాక్షసుడు. రంగు చూచి పాత్ర ఎవరో పల్లెలోని పిల్లవాడు చెప్పును. పులిపై స్వారిచేయుచున్న పురుషుడొకడు కనబడును. పరదేశి అతనిని వేటగాడనవచ్చును, యుద్ధవీరుడనవచ్చును. నేతవారి వాడలో అతడు భావనారుషి. మార్కండేయుని యజ్ఞమునుండి పుట్టి, దేవతలకు వస్త్రములు నేసి ఇచ్చినవాడు. ప్రక్కనున్న స్త్రీ సూర్యుని కూతురు భద్రావతి, అతని ఇల్లాలు. కథ చెప్పు కూనపులివారి పేరులో సైతము పులి ఉన్నది.

మరియొక ఉదాహరణము. విష్ణుమూర్తి నాభినుండి తామరతూడు వెడలుచుండును. తామర పవిత్రతకు చిహ్నమని పుస్తకములు చదివినవాడు చెప్పి ఊరకుండును. పద్మశాలి చూపునకు అది నూలు. ఆ తామరతూటి నారతోనే మొట్టమొదటి వస్త్రము నేయబడెనని వారి నమ్మకము. వారి కులనామములోని పద్మము అదియే. ఒకే రేఖ. ఒకరికి పువ్వు కాడ, మరియొకరికి తమ మగ్గమునకు మొదటి దారము.

ఇక్కడ వ్యాఖ్యాతకు ఒక అదుపు కలదు. పటము వ్రాసినవానికి కథ తెలియును, పాడువానికి తెలియును, వినువానికిని తెలియును. పాడువాడు ఒక ఘట్టము విడిచినయెడల "భద్రావతి పెండ్లి ఏమైనదయ్యా?" అని అరుగుమీది పెద్దాయన అడుగగలడు. గ్రీనవేను అడుగువారు లేరు. అతని చిత్రములో అడుగువాడును అతడే, సాక్షులకు మాటలు వ్రాసి ఇచ్చినవాడును అతడే, తీర్పు చెప్పువాడును అతడే.

అట్లని పటము కథకుడు కేవలము నిష్పక్షపాతి అనియు తలంపరాదు. ఏ కులము ఇంట అతనికి వడ్లు, బట్టలు ముట్టునో ఆ కులము ఘనతనే అతడు పాడును. ఆ కులము పొరపాటు పటములో ఎన్నడును ఎక్కదు. ఆమ్‌స్టర్‌డామ్ పౌరులు సొమ్మిచ్చి తమ బొమ్మ వ్రాయించుకొన్నట్లే, ఇక్కడ కులము వడ్లిచ్చి తన కథ పాడించుకొన్నది. ఎవరి సొమ్ముతో బొమ్మ పుట్టినదో తెలిసికొనుట రెండు చోట్లను అవసరమే. గ్రీనవే ఈ ప్రశ్న అడిగినందుకు అతనిని మెచ్చుకొనవలెను. బదులు తొందరపడి చెప్పినందుకు మాత్రము ఆగి ఆలోచింపవలెను.

హైదరాబాదులోని జగదీశ్, కమలా మిత్తల్ భారతీయ కళా మ్యూజియంలో భావనారుషి కథను చిత్రించిన ఒక పాత పటమున్నది. అది 1625 నాటిది. అనగా రెంబ్రాంట్ తన చిత్రమును ముగించుటకు పదునేడేండ్ల ముందు మన నేలపై ఒక నకాషీ ఈ పనిని ముగించెను. అతని పేరు లోకమునకు తెలియదు. ఇంత పాత పటములు దొరకుట అరుదు. దానికి కారణమును మన ఆచారములోనే ఉన్నది. పటము చినిగినప్పుడు క్రొత్తదానిని వ్రాయించి పూజచేసి తెచ్చుకొందురు, పాతదానిని నీళ్ళలో కలిపివేయుదురు. గుడ్డ పోయినను కథ పోదను నిబ్బరము వారిది. కథ గొంతులో ఉన్నంతకాలము ఆ నిబ్బరము సరియైనదే.

ఇప్పుడు పరిస్థితి తలక్రిందైనది. నకాషీ రేఖ బ్రతికి ఉన్నది. గోడకు తగిలించు చిన్న చట్రములు, ముఖపు బొమ్మలు, కానుక వస్తువులు చేయుచు కొన్ని కుటుంబములు నిలద్రొక్కుకొన్నవి. ఇది సంతోషింపదగినదే. కాని రాత్రుల తరబడి కథ పాడించుకొను వాడలు తగ్గిపోయినవి. పాడువారి బిడ్డలు ఇతర వృత్తులలోనికి పోవుచున్నారు. పల్లెకు సినిమా వచ్చెను, టెలివిజను వచ్చెను, చేతిలోనికి ఫోను వచ్చెను. గుడ్డ మిగిలి గొంతు పోవుచున్నది. పూర్వము నీళ్ళలో కలిపినది పటమును. నేడు మనము కలుపుచున్నది కథను.

గొంతు పోయిన పటమునకు ఏమి జరుగునో చెప్పుటకే ఆమ్‌స్టర్‌డామ్ వరకు పోవలసివచ్చినది. కోడిగోళ్ళ అర్థము ఆ నగరములో ఒకనాడు చిన్నపిల్లలకును తెలిసియుండును. తెలిసినవారు పోయిరి, గోళ్ళు మిగిలెను. మిగిలిన గోళ్ళు మర్మములైనవి. మర్మములున్న చోటికి వాటిని విప్పెదనని ఎవరో ఒకరు వత్తురు. నా అభిప్రాయములో చిత్రములలోని రహస్యములు చాలవరకు ఎవరో దాచినవి కావు, మనము మరచినవి. మున్ముందు ఒకనాడు తెలివైన దర్శకుడొకడు మన పటము ముందు నిలిచి, ఈ పులిస్వారుడు ప్రజలను పీడించిన దొర అనియు, ఈ తామరతూడు ఒక హత్యకు సూచన అనియు కమ్మగా చెప్పినచో, కాదని చెప్పుటకు అప్పుడెవరుందురు?

కావున రెండు మనవులు చేసెదను. మొదటిది చూచువారికి. బొమ్మలోని గూఢార్థములను విప్పు చిత్రమును చూచునప్పుడు ఆనందించుడు, దానితో నాలుగు ప్రశ్నలు కూడ వేసికొనుడు. ఈ మాట బొమ్మలో కంటికి కనబడుచున్నదా? ఆ కాలపువారికి తెలిసియుండదగినదేనా? బొమ్మకు బయట దీనికి సాక్ష్యమున్నదా? మనము చూచుచున్న బొమ్మ మొదటి బొమ్మయేనా, కత్తెర పడినదా, మసి పట్టినదా? ఈ నాలుగింటికి నిలిచిన వ్యాఖ్యానమును నమ్మవచ్చును. నిలువనిదానిని కథగా వినవచ్చును.

రెండవ మనవి డాక్యుమెంటరీలు తీయువారికిని, మన ఊళ్ళవారికిని. చేర్యాలకు వెళ్ళి కుంచెను, రంగుగిన్నెలను చిత్రించి తిరిగివచ్చుటతో పని తీరదు. పటము ఎదుట పాడువానిని కూర్చుండబెట్టి, అతని ఎదుట కథ తెలిసిన శ్రోతలను కూర్చుండబెట్టి, మొదటి ఘట్టమునుండి తుది ఘట్టము వరకు కత్తిరింపులు లేకుండ పట్టవలెను. వినువారు అడ్డుపడి దిద్దిన మాటలను కూడ వదలరాదు. వ్యాఖ్యానమునకు అదుపుగా నిలిచినది ఆ దిద్దుబాటే. పెద్ద సంస్థలు వచ్చువరకు ఆగనవసరము లేదు. గంభీరావుపేటలోగాని సిరిసిల్లలోగాని భావనారుషి కథ నోటికి వచ్చిన తాత ఒకరు మీ వాడలో ఉన్నయెడల, మీ చేతిలోని ఫోను ఆ గొంతును పట్టుటకు చాలును. ప్రక్కన ఒక నోటుపుస్తకము పెట్టుకొని, ఏ బొమ్మ వద్ద ఏ పాట పాడిరో గుర్తు వేసికొనుడు. తేదీ వేయుడు, ఊరు పేరు వ్రాయుడు.

బానింగ్ కాక్ తన ఆల్బములో వ్రాయించుకొన్న చిన్న వివరము, నాలుగు వందల ఏండ్లు కావచ్చుచున్న ఈనాడు, ఒక గొప్ప చిత్రము పక్షమున సాక్ష్యము చెప్పుచున్నది. మన పటము పక్షమున అటువంటి సాక్ష్యము వ్రాసి ఉంచుటకు ఇంకను వ్యవధి ఉన్నది. ఆ వ్యవధి పాడువారి వయస్సుతో సమానము.